గానుగ ట్యాబ్‌కి పెట్టిన పేరు

చెరకు క్రషింగ్ మొదలయ్యే రోజున సాన్ ఉబాల్దో చక్కెర మిల్లుకి పెళ్లికళ వస్తుంది. ఆ ఏడూ వచ్చింది. గేటు దగ్గర ఆడవాళ్లు పెద్ద మూకుళ్లలో కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు వేయిస్తున్నారు. చెరకు లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరాయి. తుకుమాన్ పట్టణం నుంచి వచ్చిన పాద్రీ గారు పవిత్రజలం చెంబు పట్టుకుని, బూట్లకి బురద అంటకుండా ఎటు నడవాలా అని చూసుకుంటున్నారు. జునిల్దా చాయిలేకి మాత్రం ఇవేవీ పట్టలేదు. గానుగ హాలు పైనున్న కంట్రోల్ రూములో, కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, పొద్దున తాగిన మాతే ఆకు కషాయం తప్ప కడుపులో ఇంకేమీ లేకుండా పని చేస్తోంది. సైరన్ మోగేలోపు అది పూర్తి కావాలి.

ఆమె పక్కన రొసెందో కూర్చున్నాడు. ఆ గదిలో మీటలు తిప్పుతూ జుట్టు నెరిసిన మనిషి. జునిల్దా చచ్చిపోయిన తండ్రికి ప్రాణస్నేహితుడు కాబట్టి ఆమెకి బాబాయి వరస. పాత మీటలన్నీ పీకేసి, వాటి బదులు తెర మీద ఒక నల్ల కిటికీ పెట్టడం ఆయనకి బొత్తిగా నచ్చలేదు.

“అమ్మాయ్, ఇందులో బొమ్మా లేదు, బొత్తామూ లేదు. ఎక్కడ నొక్కమంటావ్?”

“నొక్కడానికేం లేదు బాబాయ్. చెప్పడమే. నువ్వు టైపు చేసింది విని పని చేయించే మేస్త్రీ ఒకడు లోపల ఉంటాడనుకో. వాణ్నే షెల్ అంటారు.”

“మాట వింటాడా?”

“అక్షరం పొల్లు పోకుండా. తప్పు చెప్పినా వింటాడు.”

“అయితే మా ఆవిడ చుట్టం మాత్రం కాదు” అన్నాడు రొసెందో, మాతే తాగే సొరకాయ బుర్రలో వేడినీళ్లు పోసి ఆమె చేతికిస్తూ.

జునిల్దా నవ్వి, గొట్టంతో ఓ గుక్క పీల్చి, మళ్లీ పనిలో పడింది. ఒక్కో చోటికి ఒక్కో షెల్ కావాలి. గానుగకి ఒకటి, బాయిలర్‌కి ఒకటి, పాకం పెనాలకి ఒకటి, బస్తాల గదికి ఒకటి. అన్నిటినీ ఒకే కిటికీలో ట్యాబ్‌లుగా వరసగా పెట్టింది. ముసలాయన కళ్లకి ఆనేలా అక్షరాలు పెద్దవి చేసింది. ఒక్కో ట్యాబ్‌కి ఒక్కో రంగు ఇచ్చింది.

“పొరపాట్న దీన్ని మూసేస్తే?”

“మూస్తే అందులో నడుస్తున్నదంతా చస్తుంది. కాబట్టి మూయకు.”

పొద్దున ఆ నల్ల కిటికీ ప్రోగ్రామ్‌ని మొదటిసారి తెరిచినప్పుడు అది తనంతట తానే కంప్యూటరంతా వెతికి, ఏయే షెల్‌లు దొరికాయో జాబితాలో చూపించింది. అది దాని అలవాటే. జునిల్దా తెలిసినవాటిని ఉంచుకుంది. చివర ఒకటి మిగిలింది. దానికి పేరు లేదు, గుర్తు లేదు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఎవరో పాతవాళ్లు సగంలో వదిలేసిన చెత్త అనుకుని, కనపడకుండా దాచే గడిలో టిక్ పెట్టి మర్చిపోయింది.

ట్యాబ్‌లకి పేర్లు పెట్టే దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. సాన్ ఉబాల్దోలో యంత్రం మీద మనిషి పేరు రాయరు. నోటితో పలకడం కూడా గానుగ హాలు బయటే. లోపల అందరికీ మారుపేర్లే. బాయిలర్ దగ్గరివాడు కప్ప, పాకం దగ్గరివాడు తీపోడు, బస్తాల గదిలో సన్యాసి. రొసెందో గుడ్లగూబ. పెళ్లి శుభలేఖలో అసలు పేరు చూసి “ఎవరీ పెళ్లికొడుకు?” అని అడిగి, తీరా వెళ్లాక తమ పక్కన పనిచేసేవాడే అని తెలుసుకున్నవాళ్లు ఆ ఊళ్లో బోలెడుమంది. నవ్వుకుంటారు కానీ ఎవరూ కట్టు తప్పరు.

ఎందుకంటే గానుగ కింద నేలమాళిగలో అది ఉంది. ఫమిలియార్ అంటారు. మిల్లు కట్టించిన దొర సైతానుతో ఒప్పందం చేసుకుని తెచ్చిపెట్టాడట. నల్లకుక్క, మెడలో గొలుసు, ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఏటా క్రషింగ్ మొదట్లో దానికో మనిషి కావాలి. పేరు తెలిస్తేనే ముడుతుంది. ఎవర్ని తినాలో దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక ఏడు ఫోర్‌మన్ బలపం తీసుకుని గానుగ పక్క బోర్డు మీద, కిందికి దిగి కాలువ శుభ్రం చేయాల్సినవాడి పేరు రాశాడు. అసలు పేరే రాశాడు. అది జునిల్దా తండ్రి పేరు. అప్పటికామె చిన్నపిల్ల. గానుగ అవతలివైపు పిప్పిలో నీలం చొక్కా పీలికలూ ఒక బూటూ బయటికొచ్చాయి. బూటులో పాదం అలాగే ఉంది. మిగతాది దొరకలేదు. ఇంతమంది రక్తం తాగిన గానుగలో ఆ పూటే మళ్లీ చెరకు తోశారు.

ఆ రోజు నుంచీ వాళ్లమ్మ ఫెలిపా, కొడుకుని ఇంట్లో కూడా అసలు పేరుతో పిలవడం మానేసింది. అతని అసలు పేరు ఎవరిస్తో చాయిలే. అమ్మకీ అక్కకీ ఊరికీ బక్కోడు. ఇప్పుడు ఆ బక్కోడే గానుగ దగ్గర పెద్ద. వద్దు మొర్రో అని తల్లి ఎంత ఏడ్చినా వినలేదు. ఆ ఊళ్లో ఇంకో పని ఉంటే కదా వినడానికి.

మిల్లు చేతులు మారాక కొత్త యాజమాన్యం ఒక నియమం పెట్టింది. ఎవరి పనికి వాళ్లు పూర్తి పేరుతోనే కంప్యూటర్‌లో లాగిన్ కావాలి. జునిల్దా దానికో ఉపాయం ఆలోచించింది. లోపల ఏ పేరున్నా, పైన ట్యాబ్ మీద మారుపేరే కనిపిస్తుంది. కాకపోతే షెల్‌కి ఒక మొండితనం ఉంది. మొదలవగానే ఎవరు లాగిన్ అయ్యారో ఆ పేరు తెచ్చి ట్యాబ్ మీద తానే అతికించేస్తుంది. అలా చేయనివ్వకుండా ప్రతి ట్యాబ్‌కీ విడిగా ఒక గడిలో టిక్ పెట్టాలి. కప్పకి పెట్టింది. తీపోడికి పెట్టింది. సన్యాసికి పెట్టింది. అంతలో తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు.

“అక్కా, నా దానికి ఎరుపు పెట్టవే.”

“నీకన్నీ కోతి వేషాలే. ముందు పాస్‌వర్డ్ కొట్టు.”

అతను ఒంగి రెండు వేళ్లతో టైపు చేశాడు. చొక్కా లోపల గుండె దగ్గర అమ్మ కుట్టిన సిలువ, నడుముకి కత్తి. అది సిలువకీ కత్తికీ జంకుతుందని పెద్దవాళ్లు అంటారు. అతని ఒంట్లోంచి గ్రీజు వాసన, ఎంపనాడాల నూనె వాసన వస్తున్నాయి. సగం కొరికిన ఎంపనాడా ఒకటి అక్క నోట్లో కుక్కి, “తిను, లేకపోతే అమ్మ నన్ను తిడుతుంది” అని మెట్లు దిగిపోయాడు. జునిల్దా నములుతూనే అతని ట్యాబ్‌కి ఎర్రరంగు పెట్టింది. బక్కోడు అని పేరు రాసింది. రొసెందో వేడినీళ్ల కోసం కిందికి వెళ్లాడు.

అప్పుడే ఇంజనీర్ లరోందో వచ్చాడు. బ్యూనస్ ఐరిస్ మనిషి. తెల్ల హెల్మెట్, ఛాతీ మీద పెద్ద అక్షరాల బ్యాడ్జి, దాని మీద హెర్నాన్ లరోందో. పేరు గుండెకి తగిలించుకుని తిరిగేవాడు ఆ మిల్లులో అతనొక్కడే. మంచివాడు. ఫెలిపాకి ఒళ్లు బాగులేనప్పుడు తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బిల్లు కట్టే దాకా అక్కడే కూర్చున్నాడు.

“జునిల్దా గారూ, పాద్రీ గారి కాళ్లు లాగేస్తున్నాయట. మొదలెడదామా?”

ఆమె తెర వైపు చూసింది. ఎర్ర ట్యాబ్ మీద బక్కోడు అన్న పేరు లేదు. ఎవరిస్తో చాయిలే అని ఉంది. టిక్ పెట్టడం మర్చిపోయింది.

“ఇంకొక్క టిక్ ఉంది సార్.”

“అది లేకపోతే గానుగ ఆగుతుందా ఏంటి?”

“ఆగదు” అంది జునిల్దా.

“మరింకేం, తరువాత పెట్టుకోండి” అని నవ్వుతూ రేడియోలో సైరన్ మోగించమని చెప్పి, మెట్లు దిగి హాల్లోకి వెళ్లాడు. ఆమె చదువుకున్నది. నలుగురి ముందు దెయ్యం పేరు చెప్పి పని ఆపడానికి సిగ్గుపడింది. ఆ సిగ్గే కొంప ముంచింది.

సైరన్ మోగింది. పొడుగాటి కిటికీలోంచి కింద హాలంతా కనిపిస్తోంది. పాద్రీ గారు నీళ్లు చల్లారు. ఇనుప పలకల పట్టీ చెరకుని పైకి మోసుకెళ్లి రోలర్ల నోట్లో పడేసింది. చెరకు విరిగే చప్పుడు ఆ గది దాకా, నేలలోంచి అరికాళ్లలోకి వస్తుంది. ఎముకలు నమిలినట్టుంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నా జునిల్దాకి అది అలవాటు కాలేదు.

ఆ టిక్ పెట్టడానికి మౌస్ మీద చెయ్యి వేసింది. గదిలో వెలుతురు తగ్గింది.

బయట చేలకి నిప్పు పెట్టారు. కోతకి ముందు ఆకు కాల్చడం అక్కడ మామూలే. గాలి ఇటు తిరిగినట్టుంది. మిట్టమధ్యాహ్నం ఆకాశం మసిబారింది. రేకుల సందుల్లోంచి నల్లటి బూడిద పెళ్లలు హాల్లోకి దిగుతున్నాయి. కాలిన పాకం వాసన. దాని అడుగున ఇంకో వాసన… తడిసిన కుక్క బొచ్చు వాసన.

తెర మీద కొత్త ట్యాబ్ ఒకటి తెరుచుకుంది.

ఆమె తెరవలేదు. వరసలో చివర, సన్యాసి పక్కన. రంగు లేదు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. పొద్దున తను దాచేసిన షెల్. లోపల ఒక్క అక్షరం లేదు. నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి వెలిగి ఆరుతోంది. మామూలుగా అది గడియారంలా సమంగా వెలుగుతుంది. ఇది సమంగా లేదు. ఆగి… వెలిగి… రొప్పుతున్నట్టు ఉంది.

జునిల్దా ఆ ట్యాబ్ మూసింది. మళ్లీ తెరుచుకుంది. మూసింది. తెరుచుకుంది.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు. రొసెందో వేడినీళ్ల ఫ్లాస్కుతో నిలబడ్డాడు. ఆయన కళ్లు తెర మీద ఎర్ర ట్యాబ్ దగ్గర ఆగాయి. ఫ్లాస్కు చేతిలోంచి జారింది.

“ఆ పేరు… ఎవరు రాశారే అక్కడ?”

“నేను రాయలేదు బాబాయ్. షెల్ రాసుకుంది. తీసేస్తున్నా.”

టిక్ పెట్టింది. ఎర్ర ట్యాబ్ మీద పేరు పోయి, బక్కోడు అని వచ్చింది. ఆమె ఊపిరి వదిలింది.

అప్పుడు చివరి ట్యాబ్ మీద ఖాళీ చోట ఒక అక్షరం పడింది. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. కాసేపటికి ఇంకో అక్షరం. చదువు రానివాడు కూడబలుక్కున్నట్టు… ఎ… వ… రి… స్తో…

“అది పేరు చదివేసింది” అన్నాడు రొసెందో.

కింద గానుగ చప్పుడు మారింది. దాని లోపల ఇంకో చప్పుడు. ఇనుము మీద ఇనుము ఈడుస్తున్న చప్పుడు. ఎవరో గొలుసు లాక్కుంటూ నేలమాళిగ మెట్లు ఎక్కుతున్నారు. నింపాదిగా.

జునిల్దా కిటికీకి ముఖం ఆనించింది. బూడిదా ఆవిరీ కలిసి హాల్లో పొగమంచు కమ్మింది. తమ్ముడు రోలర్ల పక్క చప్టా మీద నిలబడి, ఇరుక్కున్న చెరకుని కొక్కెంతో లాగుతున్నాడు. అతని కాళ్ల దగ్గర ఆవిరి నల్లగా ఉంది. ఆ నలుపు కదిలింది.

“బక్కోడా, వెనక్కి రా…” అని అద్దం మీద కొట్టింది. వినపడలేదు.

అతని కుడిచెయ్యి ఒక్కసారి ముందుకు గుంజుకుపోయింది. రోలర్లు లాగలేదు. రోలర్లకి అతను ఇంకా దూరంగానే ఉన్నాడు. ఏదో ముంజేతిని పట్టుకుంది. పట్టుకుని రోలర్ల వైపు ఈడుస్తోంది. అతను పెనుగులాడుతున్నాడు. ఎడమచేత్తో కత్తి దూసి ఆవిరిలోకి పొడిచాడు. పొడిచాడు. మళ్లీ పొడిచాడు. చొక్కా చిరిగి అమ్మ కుట్టిన సిలువ నేల మీద పడింది. ముంజేతిలోంచి రక్తం చిమ్మి చెరకు మీద పడింది. ఆ చెరకు రోలర్ల మధ్యకి వెళ్లింది.

రొసెందో గోడ మీది ఎర్రబొత్తాన్ని పిడికిలితో గుద్దాడు. గానుగ ఆగాలి. దీపాలు ఆరిపోయాయి. గానుగ ఆగలేదు. పవర్ లేకుండా, మసక చీకట్లో, అంత పెద్ద రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. తెర ఒక్కటే వెలుగుతోంది. జునిల్దా ఎర్ర ట్యాబ్‌లోకి వెళ్లి ఆపమని ఆదేశం కొట్టింది. అక్షరాలు పడ్డవి పడ్డట్టే మాయమయ్యాయి. ఎవరో నాకేసినట్టు.

చివరి ట్యాబ్ మీద పేరు చెరిపేసింది. ఖాళీ అయింది. మరుక్షణం అదే పేరు మళ్లీ వచ్చింది. ఈసారి తడుముకోలేదు.

“తీస్తే ఊరుకోదే” రొసెందో ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. “నోటి దగ్గరికొచ్చిన కూడు లాక్కుంటే నీ చేతినే కొరుకుతుంది. మార్చు. నా పేరు పెట్టు. రొసెందో గువాంకో అని కొట్టు.”

“బాబాయ్…”

“మీ నాన్న పేరు బోర్డు మీద రాసిన రోజున పక్కనే ఉన్నాన్రా తల్లీ. చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. కొట్టు. వాడు చచ్చిపోతున్నాడు.”

కింద ఎవరిస్తో మోకాళ్ల మీద పడ్డాడు. చెయ్యి చాచినట్టుగా రోలర్ల ముందుకి వెళ్లిపోయింది. వేళ్లకీ ఇనుముకీ మధ్య ఓ చెరకు గడ పట్టేంత సందు. అతను అరుస్తున్నాడు. అద్దం ఇవతలికి ఇప్పుడు వినపడుతోంది.

జునిల్దా వేళ్లు కీబోర్డు మీద పడ్డాయి. ఆమె రొసెందో ముఖం చూడలేదు. ముఖం చూస్తే ఆ పేరు కొట్టలేదు. కళ్లెత్తి హాల్లోకి చూసింది. తమ్ముడి కేక విని రోలర్ల పైనున్న ఇనుప నడవ మీదుగా పరిగెత్తుకొస్తున్న తెల్ల హెల్మెట్ కనిపించింది. సాయం చేయడానికే వస్తున్నాడు.

ఆమె కొట్టింది. హెర్నాన్ లరోందో.

ఎంటర్ నొక్కింది.

గీత వెలగడం ఆగింది… ఆలోచించుకుంటున్నట్టు ఆగింది. తరువాత గబగబా, ఆబగా వెలిగింది.

ఎవరిస్తో వెల్లకిలా వెనక్కి పడ్డాడు, పట్టుకున్నది వదిలేసినట్టు. నడవ మీద లరోందో ఉన్నచోటే ఆగిపోయాడు. కాలి వైపు చూసుకున్నాడు. ఇనుప కటకటాలు లోపలికి వంగాయి. అతను కింద పడలేదు. ఏదో అతన్ని రోలర్లలోకి దింపింది. కాళ్లు ముందు, నడుము తరువాత. నడుము దాకా వెళ్లేవరకూ అతను రెండు చేతులతో కటకటం పట్టుకునే ఉన్నాడు. పైకి కంట్రోల్ రూము వైపు చూసి, “ఆపండి జునిల్దా గారూ, ఆపండి” అన్నాడు. అప్పుడు కూడా గారూ అన్నాడు. తరువాత రోలర్లు పక్కటెముకల్ని అందుకున్నాయి. చెరకు విరిగిన చప్పుడే. జునిల్దాకి తేడా తెలియలేదు. కాలువలో రసం ఎర్రగా పారింది. వేడి రసం, వేడి రక్తం కలిసి పైకి లేచిన వాసన తియ్యగా ఉంది. హెల్మెట్ మాత్రం అవతలివైపు పిప్పిలో బోర్లా పడి బయటికొచ్చింది. అది ఖాళీగా లేదు.

దీపాలు వెలిగాయి. గానుగ తనంతట తానే ఆగింది. చివరి ట్యాబ్ మూసుకుపోయింది.

రొసెందో నేల మీది ఫ్లాస్కు ముక్కలు ఏరాడు. “నా పేరు చెప్పాను కదే” అన్నాడు. ఆ తరువాత ఎప్పుడూ ఆమె చేతి మాతే ఆయన తాగలేదు. బుర్ర ఆయన వైపు చాస్తే తల అటు తిప్పుకుంటాడు. జునిల్దాకి ఆయన మీద కోపం లేదు. తన మీదా పశ్చాత్తాపం ఉండాల్సినంత లేదు. తమ్ముడు బతికున్నాడు. ఆ మాట తనకి తానే చెప్పుకుని పడుకునేది. చెప్పుకున్న ప్రతిసారీ ఆ “గారూ” అన్న పిలుపు వినపడేది.

పోలీసులొచ్చారు. కటకటాలు తుప్పు పట్టాయని రాసుకున్నారు. గానుగ కడిగి, పాద్రీ గారితో మళ్లీ నీళ్లు చల్లించి క్రషింగ్ నడిపారు. ఎన్నడూ లేనంత చక్కెర దిగిందని ఊరంతా చెప్పుకున్నారు. ఎవరిస్తో ముంజేతికి కుట్లు పడ్డాయి. రోలర్లలో చెయ్యి పడిందని ఆసుపత్రిలో రాశారు. రోలర్లు నలుపుతాయి. ఆ చేతి మీదున్నవి పైన ఒక వంపు, కింద ఒక వంపు, లోతుగా దిగిన గుంటలు. కట్టు మార్చేటప్పుడు నర్సు అవి చూసి గబగబా కొత్త కట్టు చుట్టేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం జునిల్దా ఇంట్లో తన ల్యాప్‌టాప్ తెరిచింది. మిల్లు కోసం ఆ ప్రోగ్రామ్‌ని ముందు ఈ ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూసుకుని, పెన్‌డ్రైవ్‌లో మిల్లుకి పట్టుకెళ్లింది. ఇప్పుడు మిల్లు కంప్యూటర్‌లో ఉన్న అమరికని అదే పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుంది. ఆ చివరి షెల్‌ని ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో కనిపెట్టాలి. మనిషి పెట్టింది అని తేలితే, ఒక మనిషి మీద కోపం తెచ్చుకోవచ్చు. ఆమెకి కావాల్సింది అంతే.

గదిలో తమ్ముడు మంచం మీద కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. వంటింట్లోంచి మొక్కజొన్న, గుమ్మడికాయ ఉడుకుతున్న వాసన వస్తోంది. అమ్మ కూనిరాగం తీస్తోంది. నాన్న పోయాక ఆమె పాడటం జునిల్దా వినలేదు. ఈ ఏటి వాటా తినేసిందిగా, ఇంక భయం లేదని నిన్ననే అంది. ఎవరో తల్లి కొడుకు పోయాడనుకో, అయినా… అని సిలువ గుర్తు వేసుకుంది.

పెన్‌డ్రైవ్‌లోది ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ప్రోగ్రామ్ తెరిచింది. నాలుగు ట్యాబ్‌లు రాలేదు. ఒక్కటే వచ్చింది. రంగు లేదు. పేరు చోట ఖాళీ. గీత వెలిగి… ఆగి… వెలిగింది. ముందుగా తెరవాల్సిన షెల్ ఇదే అని ఆ అమరికలో ఎవరో మార్చారు. ల్యాప్‌టాప్ మూసేద్దామని మూత మీద చెయ్యి వేసింది.

“ఎవరిస్తో,” వంటింట్లోంచి అమ్మ పిలిచింది. ఇన్నేళ్ల తరువాత మొదటిసారి, కొడుకుని నోరారా పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపులో ఎంత ముద్దు ఉందో. “ఎవరిస్తో నాయనా, పెరట్లో ఏం ఈడుస్తున్నావ్? అన్నం పెడుతున్నా, రా.”

జునిల్దా మంచం వైపు చూసింది. తమ్ముడు కదల్లేదు. నోరు కొంచెం తెరిచి, చిన్నప్పటిలా నిద్రపోతున్నాడు.

తెర మీద ఖాళీ చోట పేరు పడింది. ఈసారి అక్షరం తరువాత అక్షరం కాదు. మొత్తం ఒకేసారి.

పెరట్లోంచి, అచ్చం అతని గొంతుతో, “వస్తున్నానే అమ్మా” అని వినిపించింది.

“చేతులు కడుక్కునిరా” అంది ఫెలిపా, పళ్లెం బల్ల మీద పెడుతూ. పెరటి తలుపు గడియ తియ్యడానికి వెళ్లింది.